బెర్లిన్‌లో దిగగానే ముందు చేయాల్సిన పని: పోస్ట్ డబ్బా మీద మీ ఇంటిపేరు

హాయ్ అండి, నమస్తే. బెర్లిన్‌కి చదువుకోడానికో జాబ్‌కో వస్తున్న మనవాళ్ళు ఎక్కువగా అడిగేది సూట్‌కేస్‌లో ఏం పెట్టుకోవాలి, ఆవకాయ తెచ్చుకోవచ్చా, కుక్కర్ తెచ్చుకోవాలా అని. నేనైతే ముందు ఒక మార్కర్, ఒక టేపు పెట్టుకోమంటా. ఎందుకో చూపిస్తా రండి.

[షాట్: అపార్ట్‌మెంట్ మెయిన్ డోర్ లోపల, గోడకి వరసగా పోస్ట్ డబ్బాలు]

ఇదిగో, ఇన్ని డబ్బాలున్నాయి కదా, ఫ్లాట్ నంబర్ ఒక్కదాని మీదైనా ఉందా? లేదు. ఇక్కడ అడ్రస్ అంటే మామూలుగా వీధి పేరు, బిల్డింగ్ నంబర్, అంతే, ఆ తర్వాత పోస్ట్‌మన్ చూసేది డబ్బా మీద పేరే. మన దగ్గరైతే మూడో అంతస్తులో కొత్తగా దిగినోళ్ళు అంటే వాచ్‌మన్ తెచ్చిస్తాడు, ఇక్కడ ఆ వాచ్‌మన్ లేడు. పేరు లేకపోతే ఉత్తరం వచ్చిన దారినే వెనక్కి పోద్ది.

నాకు అలాగే అయింది. మొదట్లో ఒకాయన ఫ్లాట్‌లో ఒక రూమ్ తీసుకున్నా, డబ్బా మీద ఆయన పేరొక్కటే ఉంది, నాకేమో ఆ సంగతే తెలీదు, బ్యాంక్ కార్డు ఇవాళొస్తది రేపొస్తది అని మూడు వారాలు రోజూ డబ్బా తీసి చూడటమే. చివరికి ఫోన్ చేస్తే, పంపాం, తిరిగొచ్చేసింది అన్నారు. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

కార్డు ఒక్కటే కాదండీ, ఇక్కడ ముఖ్యమైనవి చాలావరకు కాగితం మీదే వస్తాయి. ఇల్లు మారిన 2 వారాల్లో అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి, దాన్ని ఆన్మెల్డుంగ్ అంటారు. బ్యుర్గరామ్ట్ అనే ఆఫీసులో చేస్తారు, బెర్లిన్‌లో ఏ ఏరియా ఆఫీసుకైనా వెళ్ళొచ్చు, కాబట్టి మీ ఏరియాలో అపాయింట్‌మెంట్ దొరకట్లేదని ఆగిపోకండి, మిగతావి కూడా చూడండి. రెంటల్ అగ్రిమెంట్ ఒక్కటి సరిపోదు, ఈ మనిషి ఈ తేదీన మా ఇంట్లో దిగాడు అని ఓనర్ సంతకం పెట్టిన ఫామ్ విడిగా కావాలి. అందుకే రూమ్ చూసేటప్పుడే "ఇక్కడ ఆన్మెల్డుంగ్ చేసుకోవచ్చా" అని అడగండి, కుదరదు అంటే ఎంత చవకైనా వదిలేయండి. ఇంకోటి, ఓనర్‌నంటూ ఎవరైనా "నేను వేరే దేశంలో ఉన్నా, డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్ చేస్తా" అంటే అది మోసం, పైసా కూడా పంపొద్దు.

రిజిస్టర్ అయ్యాక 11 అంకెల ట్యాక్స్ నంబర్ పోస్ట్‌లో వస్తది. అది ఆఫీసులో ఇవ్వకపోతే జీతంలో ట్యాక్స్ బాగా ఎక్కువ కట్ అయ్యే ప్రమాదం ఉంది, తర్వాత సర్దుబాటు అవుతుంది గానీ మొదటి నెలే డబ్బులకి ఇబ్బంది ఎందుకు. ఆ తర్వాత ఇంకో ఉత్తరం వస్తది, రేడియో టీవీ ఫీజు కట్టమని, నెలకి 18.36 యూరోలు. టీవీ లేదు కదా, ఇదేదో ఫ్రాడ్ అని చింపేయకండి, అది నిజమైందే. కాకపోతే మనిషికి కాదు, ఇంటికి ఒకటే, మీ రూమ్‌మేట్ ఆల్రెడీ కడుతుంటే వాళ్ళ ఫీజు నంబర్ రాసి పంపితే చాలు.

[షాట్: డబ్బా మీద టేపుతో అంటించిన పేరు, దగ్గరగా]

పేరు ఎలా రాయాలంటే, మీ పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ దగ్గర ఏముందో అదే. మనవాళ్ళలో కొందరికి అక్కడ ఇంటిపేరు ఉంటది, కొందరికి ఖాళీగా ఉండి అంతా ఒకే లైన్‌లో ఉంటది, అలాంటప్పుడు మొత్తం పేరు రాసేయండి, అక్షరాలు చిన్నవైనా పర్లేదు. ఓనర్‌ని అడిగి రాయండి, తర్వాత వాళ్ళే మంచి లేబుల్ పెట్టిస్తారు. కింద కాలింగ్ బెల్ దగ్గర కూడా పేరు ఉండాలి, పార్సిల్ తెచ్చినతను నొక్కేది అదే. ఆదివారం దిగితే షాపులు దాదాపు అన్నీ మూసే ఉంటాయి, అందుకే మార్కర్, టేపు వెంట తెచ్చుకోమన్నా.

నేను పేరు అంటించిన వారానికి నా పార్సిల్ పై అంతస్తు పెద్దావిడ తీసుకుని పెట్టారు, ఇక్కడ అది మామూలే. తీసుకోడానికి వెళ్తే, డబ్బా మీద చూశా, నీ పేరు ఎలా పలకాలి అని అడిగి, మా ఇంటిపేరు మూడుసార్లు పలికి చూసుకున్నాక పార్సిల్ చేతికిచ్చారు.