ఎల్క్ కొమ్ముకి ఎన్ని కొమ్మలు?

[కెమెరా ముందు, చేతిలో ఒక పంగలకర్ర]

"అన్నా, ఇటు రెండు, అటు రెండు, మొత్తం నాలుగు. లీగలే కదా?"

పోయిన వేట సీజన్‌లో, ఎల్క్ అనే పెద్ద అమెరికా జింకని కొట్టొచ్చా అని అడుగుతూ ఈ మెసేజ్ నాకు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ బైనాక్యులర్‌కి ఫోన్ ఆనించి తీసిన మసక ఫొటోతో సహా. మూడుసార్లూ నా జవాబు ఒకటే: కాదు తమ్ముడూ, తుపాకీ దించు.

ఇక నాలుగోసారి టైప్ చేసే ఓపిక లేక ఈ వీడియో చేస్తున్నాను. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఎల్క్ వేటకి వెళ్లేవాళ్ల కోసం ఇది. హంటర్ ఎడ్యుకేషన్ పాసయ్యారు, బుల్ ట్యాగ్ (మగ ఎల్క్‌ని వేటాడే అనుమతి చీటీ) కొన్నారు, ఆరెంజ్ చొక్కా ఉంది అనుకుని మొదలుపెడుతున్నాను. అవి లేనివాళ్లు ముందు ఆ పని చూసుకోండి.

రూల్ ఒకటే వాక్యం. చాలా యూనిట్లలో (వేట ప్రాంతాల్లో) బుల్ ఎల్క్‌ని కొట్టాలంటే, ఒక కొమ్ముకి కనీసం నాలుగు పాయింట్లు, అంటే కొనలు, ఉండాలి, లేదా కనీసం 5 అంగుళాల బ్రౌ టైన్ (తలకి దగ్గరి మొదటి కొమ్మ) ఉండాలి. ఈ ఒక్క వాక్యంలో జనం మూడు చోట్ల పడిపోతారు.

[పంగలకర్ర పైకెత్తి]

మొదటి చోటు, "పాయింటు" అన్న మాట. చిన్నప్పుడు ఉండేలు చేసుకోవడానికి జామచెట్టు చుట్టూ తిరిగినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఇక్కడ జామ దొరకదు, ఇది ఆస్పెన్ కర్ర, సర్దుకోండి. పిడి వదిలేస్తే దీనికి కొనలు ఎన్ని? రెండు. కానీ చాలామంది చీలింది ఒకసారే కదా అని ఒకటి అంటారు. అసలు కొమ్మ పైకి పోయి ఆగిన చోటు కూడా కొనే. ఎల్క్ కొమ్ములోనూ అంతే. మెయిన్ బీమ్ (కొమ్ములో అసలు కాడ) చివర కూడా ఒక పాయింటు. అంటే మూడు కొమ్మలు చీలిన కొమ్ము నాలుగు పాయింట్ల కొమ్ము. మన భాషలో కొమ్ముకీ కొమ్మకీ ఒక్క ఉకారమే తేడా. మనవాళ్లు దుప్పినీ కణితినీ చూసే ఆ మాటలు పెట్టారని నా అనుమానం. భాషావేత్తలు తిట్టకండి.

ఇప్పుడు ఇదే కర్ర మీద ఇక్కడ చూడండి. చిన్న బొడిపె. దీన్ని కొమ్మ అంటామా? అనం, కణుపు అంటాం. రూల్ ప్రకారం పాయింటు అనిపించుకోవాలంటే కనీసం ఒక అంగుళం పొడవుండాలి, పైగా మొదట్లో ఉన్న వెడల్పు కన్నా పొడవు ఎక్కువుండాలి. రెండూ ఉండాలి. లావుగా మొద్దులా పొడుచుకొచ్చింది అంగుళంపావు ఉన్నా, మొదలు అంగుళంన్నర వెడల్పుంటే అది కణుపే.

రెండో చోటు, "ఒక కొమ్ముకి" అన్న మాట. టెక్సాస్ నుంచి డెన్వర్‌కి మారినవాళ్లతోనే ఈ గొడవ. అక్కడ జింకని ఎయిట్ పాయింటర్ అంటే రెండు పక్కలా కలిపి ఎనిమిది. ఇక్కడ పడమటి రాష్ట్రాల్లో లెక్క ఒక పక్కదే. కాబట్టి రెండు, రెండు కలిపి నాలుగు చేయకండి. అవి రెండు ఉండేళ్లు, అంతే. అదే ఒక పక్క నాలుగు ఉండి, రెండో పక్క ఒట్టి పుల్లలా ఒకటే ఉన్నా లీగల్.

మూడోది "లేదా". ఇది "మరియు" కాదు బాబూ! బ్రౌ టైన్ అంటే తలకి దగ్గరగా, మొహం పైకి ముందుకు పొడుచుకొచ్చే మొదటి కొమ్మ. అది 6 అంగుళాలుంటే, ఆ కొమ్ముకి మొత్తం మూడు పాయింట్లే ఉన్నా లీగల్. నాలుగు కనపడలేదని మంచి బుల్‌ని వదిలేసి వచ్చి బాధపడేవాళ్లూ ఉన్నారు.

5 అంగుళాలంటే మనకి బెత్తెడున్నర పైన. చేతిలో ఉంటే సులువే. రెండు వందల గజాల అవతల ఎలా? నేను దాని చెవితో పోల్చుకుంటాను. దాదాపు చెవంత కనిపిస్తే ధైర్యం, సగం చెవి దగ్గర ఊగుతుంటే వదిలేయడమే. అయితే మనవైపే చూస్తున్నప్పుడు బ్రౌ టైన్ సూటిగా మన కంట్లోకి ఉంటుంది, పొట్టిగా కనపడుతుంది. పక్కకి తిరిగేదాకా ఆగాలి.

ఆగాలి అని ఎందుకంటున్నానో చెప్తాను. నా రెండో సీజన్. తెల్లవారుజామున ఆస్పెన్ తోపు అంచున ఒక బుల్ నిలబడి ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను, నాలుగే. వేలు ట్రిగ్గర్ దగ్గరికి వెళ్లింది, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. బుల్ తల వంచి గడ్డి అందుకుంది. మూడు పాయింట్లు తలతో పాటు కిందికి వెళ్లాయి. నాలుగోది గాల్లోనే ఉండిపోయింది! అది వెనక ఉన్న చెట్టు కొమ్మ. దాని బ్రౌ టైన్ చూస్తే బెత్తెడు కూడా లేదు. కొమ్ముకీ కొమ్మకీ తేడా నాకు ఆ రోజు అర్థమైంది. తుపాకీ లాక్ చేసి, ఫ్లాస్క్‌లో కాఫీ తాగి, కాళ్ల వణుకు తగ్గాక లేచాను.

అసలు ఈ తలనొప్పి రూల్ ఎందుకు? కొమ్ములు ఏటా రాలిపోయి వేసవిలో కొత్తగా పెరుగుతాయి. ఏడాది వయసు మగదానికి తొలిసారి వచ్చేవి సాధారణంగా ఒట్టి పుల్లలు, స్పైక్ అంటారు. రెండేళ్లు దాటితే నాలుగు, ఐదు పాయింట్లు వస్తుంటాయి. అంటే ఈ లెక్క పిల్ల మగవాటిని ఒక ఏడాది బతకనిస్తుంది. పాయింట్లు చూసి వయసు చెప్పేస్తాం అనే మేధావుల్ని మాత్రం నమ్మకండి. తిండి బాగుంటే ఒకలా, కరువైతే ఒకలా పెరుగుతాయి.

[ఫోన్ చూసి] అయ్యో, టైమ్ అయిపోతోంది. గబగబా చెప్తాను.

మోంటానాలో బ్రౌ టైన్ 4 అంగుళాలు చాలు, కానీ మెయిన్ బీమ్ కింది సగంలో ఉండాలి. యూటాలో స్పైక్ ట్యాగ్ ఉంటే అంతా తిరగేసినట్టే: పిల్లవాటినే కొట్టాలి, పెద్దవాటిని ముట్టకూడదు. రెంటిలో కనీసం ఒక కొమ్ము చెవుల పైన చీలిక లేకుండా ఉండాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో చాలాచోట్ల ఒక కొమ్ముకి ఆరు పాయింట్లు ఉండాలి. కొలరాడో లెక్క పట్టుకుని ఇంకో రాష్ట్రం వెళ్లకండి. కొలరాడోలోనే కొన్ని యూనిట్లకి ఈ రూల్ లేదు, ఆ ఏటి బ్రోషర్‌లో మీ యూనిట్ నంబర్ చూసుకోండి.

తప్పు జరిగితే? అక్కడే వదిలి రాకండి. మాంసం పాడవకుండా శుభ్రం చేసి, మీరే వైల్డ్‌లైఫ్ ఆఫీసర్‌కి ఫోన్ చేయండి. దాచితే కథ వేరు. కొలరాడోలోని ఎస్టెస్ పార్క్ ఊళ్లో అందరికీ ఇష్టమైన శాంసన్ అనే బుల్‌ని 1995లో దొంగచాటుగా చంపారు. 1998లో దాని పేరుతోనే చట్టం వచ్చింది: ఒక కొమ్ముకి కనీసం ఆరు పాయింట్లున్న బుల్‌ని అక్రమంగా చంపితే మామూలు జరిమానా మీద ఇంకో 10,000 డాలర్లు. అక్కడా లెక్క పాయింట్లదే.

చివరి ప్రశ్న, కొమ్ము విరిగి ఉంటే? ఉన్నదే లెక్క. పోట్లాటలో పోయిన కొన గురించి వాదించడం దండగ. మీ ఉండేలు ఒక పంగ విరిగితే రాయి వేయగలిగేవారా? మెమరీ కార్డు నిండిపోయిందని చూపిస్తోంది, ట్యాగ్ కట్టే విధానం వచ్చే వీడియోలో.