దూకేది నేనైతే రూలు ఎవరిది?

[డ్రోన్ షాట్: కొబ్బరి తోటలు, పక్కనే వైనతేయ పాయ, దూరంగా సముద్రం]

నమస్కారమండి. 13,000 అడుగుల ఎత్తులో ఓ చిన్న విమానం. తలుపు తీశారు. ఒకాయన కింద కనిపిస్తున్న నేల వైపు ఓసారి చూసి దూకేశాడు. గంటకి సుమారు 190 కిలోమీటర్ల వేగంతో దాదాపు నిమిషం సేపు పడతాడు. పారాచూట్ తీసేది ఆ తర్వాతే. ఈ ఆటే స్కైడైవింగ్. మన గోదావరి జిల్లాల్లో ఈ వీడియో ఎవరికి చూపించినా వచ్చే మాట ఒకటే: "వీడికేం పోయేకాలమండీ!"

ఆ దూకినాయన్ని అడిగితే మాత్రం, తనకి రిస్కంటే భయమనే చెబుతాడు. భయం కాబట్టే ఇన్ని పట్టీలు, ఇన్ని చెకింగులు అంటాడు. అదే మనిషిని ప్రభుత్వం గురించి కదిపి చూడండి. "నా ప్రాణం, నా ఇష్టం, మధ్యలో వీళ్ళెవరు?" అంటాడు. ఈ రెండు మాటలూ ఒకే నోట్లోంచి ఎలా వస్తున్నాయో ఇవాళ చూద్దాం.

[స్క్రీన్ మీద అంకెలు]

ముందు లెక్కలు. అమెరికాలో ఈ ఆటకి పెద్ద దిక్కు యునైటెడ్ స్టేట్స్ పారాచూట్ అసోసియేషన్. వాళ్ళ లెక్క ప్రకారం 2024లో అక్కడ సుమారు 38.8 లక్షల జంప్‌లు జరిగాయి, 9 మంది చనిపోయారు. అంటే 4.3 లక్షల జంప్‌లకి ఒక ప్రాణం. 1970లలో ఏడాదికి సగటున 40 మందికి పైగా పోయేవారు.

ఇక్కడ స్కైడైవర్లు తరచూ చెప్పే గొప్ప ఒకటుంది. "దూకడం కంటే, దూకే చోటికి కారులో వెళ్ళడమే ప్రమాదం" అని. వినడానికి బాగుంటుంది గానీ లెక్కకి నిలబడదు. అమెరికా రోడ్ల మీద 10 కోట్ల మైళ్ళ ప్రయాణానికి 1.2, 1.3 చావులు నమోదవుతున్నాయి. దాన్ని పైన చెప్పిన అంకెతో కలిపి చూస్తే, ఒక జంప్ చేయడం అక్కడి రోడ్డు మీద ఇంచుమించు 300 కిలోమీటర్లు వెళ్ళినంత రిస్కు. దూకే చోటు అంత దూరంలో చాలామందికి ఉండదు. పైగా వాళ్ళు రోజుకి ఒక్కసారి దూకి ఊరుకోరు, వారాంతంలో ఐదారుసార్లు ఎక్కుతారు. ఆట భద్రంగా మారిన మాట నిజమే. అలాగని కారు కంటే భద్రం అనడం మాత్రం పక్కింటివాళ్ళని నమ్మించడానికి చెప్పే మాట.

మన రోడ్ల సంగతి వేరనుకోండి. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద వెళ్ళినవాళ్ళే.

[క్లోజప్: వీపు మీద మోసే పారాచూట్ సంచి]

ఇప్పుడు ఈ సంచి చూడండి. లోపల రెండు పారాచూట్‌లుంటాయి. పెద్దది మెయిన్, రెండోది రిజర్వ్. మెయిన్ మెలికలు పడినా, సగమే తెరుచుకున్నా ఛాతీ కుడి వైపున్న హ్యాండిల్ లాగి దాన్ని వదిలించుకోవాలి, వెంటనే ఎడమ వైపున్నది లాగితే రిజర్వ్ వస్తుంది. మెయిన్‌ని దూకేవాళ్ళే మడత పెట్టుకుంటారు. రిజర్వ్ మాత్రం సర్టిఫికెట్ ఉన్న రిగ్గర్, అంటే పారాచూట్‌లు మడిచే నిపుణుడి చేతే మడత పెట్టించాలి, వాడినా వాడకపోయినా అమెరికాలో 180 రోజులకోసారి విప్పి మళ్ళీ మడవాలి. ఇవి కాక ఒక చిన్న పెట్టె ఉంటుంది. మనిషికి స్పృహ తప్పినా, టెన్షన్‌లో చేతులాడకపోయినా నేలకి సుమారు 750 అడుగుల ఎత్తులో అదే రిజర్వ్ తెరిపిస్తుంది. 1991లో జర్మనీలో తయారైన సైప్రెస్ అనే పరికరంతో ఇది అందరికీ నమ్మకమైన వస్తువైంది.

మరి ఇంత ఏర్పాటున్నా ఎందుకు పోతున్నారు? ఈ ఆటలో అసలు తమాషా ఇదే. ఈ మధ్య చనిపోతున్నవాళ్ళలో చాలామంది పారాచూట్ తెరుచుకోక కాదు, చక్కగా తెరుచుకున్న పారాచూట్ కిందే పోతున్నారు. చిన్న సైజు, వేగంగా దూసుకెళ్ళే రకం కొనుక్కుని, నేలకి దగ్గరలో గిర్రున తిప్పి, గడ్డి మీద రయ్యిమని దిగాలన్న సరదా. తిప్పడం ఉండాల్సిన ఎత్తు కంటే పది అడుగుల కింద మొదలైనా చాలు, ప్రాణం పోవచ్చు. ఇద్దరు కలిసి దూకే టాండెమ్ పరికరాల ఆద్యుల్లో ఒకడు, మెయిన్‌ని వదిలించుకోడానికి ఇవాళ వాడుతున్న మూడు రింగుల ఏర్పాటు కనిపెట్టినవాడు బిల్ బూత్. ఆయన ఎప్పుడో చెప్పేశాడు, సామాను ఎంత భద్రంగా తయారైతే దూకేవాళ్ళు అంత ఎక్కువ తెగిస్తారు, చావుల లెక్క అక్కడే ఉంటుంది అని. లెక్క అక్కడే ఉండిపోలేదు, తగ్గింది. కానీ మనుషుల సంగతి ఆయన సరిగ్గానే పట్టాడు.

[షాట్: పెరట్లో కొబ్బరి చెట్టు, కాళ్ళకి తాడు బంధం వేసుకుని ఎక్కుతున్న దింపు కార్మికుడు]

మా బావ ఒకడు డల్లాస్‌లో ఉంటాడు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్, శనాదివారాలు ఆకాశం. సంక్రాంతికి అమలాపురం దగ్గర మా ఊరొచ్చినప్పుడు పెరట్లో దింపు తీస్తున్నారు, అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు కోసి దించుతున్నారు. అరవై అడుగుల చెట్టు. దింపు తీసే పెద్దాయన కిందికి దిగి, నడుముకున్న కత్తి తీసి పక్కన పెట్టి, బావ ఫోన్‌లో వీడియో చూస్తూ అడిగాడు.

"ఆ గొడుగు విచ్చుకోకపోతేనండి?"

"రెండోది ఉంటుంది బాబాయ్."

"అదీ విచ్చుకోకపోతే?"

"ఇంక అంతే."

"మా పనీ అంతేనండి. కాకపోతే మీరు డబ్బులిచ్చి ఎక్కుతారు, మేం డబ్బులిస్తే ఎక్కుతాం. ఆయ్."

బావ దగ్గర దానికి జవాబు లేదు. నేనైతే ఈ వీడియో అంతా ఆ పెద్దాయన మాట చుట్టూనే రాసుకున్నాను. కోరి తెచ్చుకున్న రిస్కు, గతిలేక తీసుకున్న రిస్కు, తెలియకుండా నెత్తిన పడ్డ రిస్కు. స్కైడైవర్ల రాజకీయమంతా ఈ మూడింటి మధ్యే నడుస్తుంది.

[గ్రాఫిక్: విమానం లోపల రెండు వరసల్లో కూర్చున్న మనుషులు]

స్కైడైవర్లంటే అంతా ఒకే పార్టీ వాళ్ళనుకోకండి. మాజీ సైనికులుంటారు, నర్సులుంటారు, కాలేజీ పిల్లలుంటారు, మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు సరేసరి. ట్రంప్ అంటే పడి చచ్చేవాళ్ళూ, ట్రంప్ పేరెత్తితే లేచి వెళ్ళిపోయేవాళ్ళూ ఒకే విమానంలో మోకాళ్ళు తగులుతూ కూర్చుంటారని బావ చెబుతాడు. మన ఊరి వాట్సాప్ గ్రూపుల్లో "ఇక్కడ రాజకీయాలు వద్దు" అని అడ్మిన్ పెట్టే మెసేజ్ లాంటిది అక్కడా ఉంటుందట. ఎన్నికల ఏడాది అక్కడా ఎవరూ వినరు.

అయితే దూకే ముందు ఒక పనుంది. మెయిన్‌ని మూసి ఉంచే పిన్ వీపు మీద ఉంటుంది, మనకి కనపడదు. వెనక కూర్చున్నవాడు ఆ మూత ఎత్తి, పిన్ సరిగ్గా లోపలికంటా ఉందా, ఆ చిన్న పెట్టె ఆన్‌లో ఉందా అని చూసి, మళ్ళీ మూసి, భుజం తట్టాలి. పొద్దున పన్నుల మీదో, తుపాకుల మీదో గొంతు చించుకుని అరిచినవాడి వీపునే ఒక్కోసారి చూడాల్సొస్తుంది. చూస్తారు. దీన్ని స్నేహం అనుకోనక్కర్లేదు. పైన ఎవరి పిన్ ఊడి పారాచూట్ బయటికొచ్చినా అది విమానం తోకకి చుట్టుకోవచ్చు, పోయేది అందరి ప్రాణాలూ.

"నా ప్రాణం నా ఇష్టం" అన్న వాదం ఇక్కడే తడబడుతుంది. కరోనా వచ్చినప్పుడు ఇదే గొడవట. "రోజూ విమానంలోంచి దూకేవాణ్ణి, నాకు మాస్క్ ఏంటి?" అని కొందరు. "నువ్వు దూకితే పోయేది నువ్వు, నువ్వు దగ్గితే పోయేది నేను" అని ఇంకొందరు. రెండో వాళ్ళ వైపే నేను.

ప్రభుత్వం జోక్యం వద్దనే విషయంలో ఒక వింత ఉంది. అమెరికాలో శిక్షణ, లైసెన్సులు చాలావరకు అసోసియేషనే చూసుకుంటుంది. విమానం, పైలట్, రిజర్వ్ మడత లాంటివి ఎఫ్ఏఏ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంటాయి. మా రూల్స్ మేమే రాసుకుంటాం అని స్కైడైవర్లు గర్వంగా చెబుతారు. కానీ ఏ చిన్న విమానాశ్రయమో "మీ దూకుళ్ళు మా దగ్గర వద్దు" అంటే వెంటనే పరిగెత్తేది అదే ఎఫ్ఏఏ దగ్గరికి. ఎందుకంటే కేంద్రం గ్రాంటు తీసుకున్న విమానాశ్రయం తగిన కారణం లేకుండా పారాచూట్ జంపింగ్‌ని తోసిపుచ్చడానికి వీల్లేదు. ప్రభుత్వం వద్దు గానీ ప్రభుత్వం ఇచ్చిన హక్కు కావాలి. నవ్వకండి, మన దగ్గర హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించుకుని, పోలీసు కనపడగానే నెత్తిన పెట్టుకుని, యాక్సిడెంట్ అయితే ఆరోగ్యశ్రీ ఎందుకు వర్తించదని అడిగేవాళ్ళు తక్కువా?

[స్క్రీన్: 2019]

2019లో జరిగిన రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి. జూన్ 21న హవాయిలో స్కైడైవర్లని తీసుకెళ్తున్న విమానం గాల్లోకి లేచిన కాసేపటికే కూలింది. లోపలున్న 11 మందీ పోయారు. పారాచూట్ రిస్కు తెలిసి ఒప్పుకున్నవాళ్ళే, కానీ విమానం సంగతి వాళ్ళ చేతిలో లేదు. పాత ప్రమాదంలో దెబ్బతిని బాగుచేసిన రెక్క, దూకుడుగా తిప్పిన పైలట్. దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ, ఇలాంటి విమానాల మీద ఎఫ్ఏఏ నిఘా చాలదని కూడా తేల్చింది. అంతకుముందు రూల్స్ ఎక్కువయ్యాయన్నవాళ్ళలో కొందరు ఆ తర్వాత, పారాచూట్ జోలికి రావద్దు గానీ విమానాన్ని మాత్రం గట్టిగా చూడండి అనడం మొదలుపెట్టారు. సబబైన మాటే.

రెండోది మనకి బాగా తెలిసిందే. అదే ఏడాది సెప్టెంబర్ 15, డెల్టాకి ఎగువన కచ్చులూరు. పాపికొండల టూరుకి బయల్దేరిన బోటు వరద గోదావరిలో మునిగింది. 77 మందిలో 26 మందే బయటపడ్డారు. వాళ్ళెవరూ సాహసం చేయడానికి వెళ్ళలేదు. టికెట్ కొనుక్కుని, పిల్లాపాపలతో, మధ్యాహ్నం భోజనం బోటులో అనుకుని వెళ్ళారు. ఆ రోజు నీటి వేగమెంత, ఆ మలుపులో సుడి ఎలా ఉంటుంది, లైఫ్ జాకెట్ ఎప్పుడు తీయకూడదు అన్న వివరాలు తెలిసి ఒప్పుకున్నదెవరు? స్కైడైవర్ దూకే ముందు పేజీలకి పేజీలు సంతకాలు పెడతాడు, చచ్చిపోవచ్చు అని అందులో రాసే ఉంటుంది. మన రేవుల్లో అంత కాగితం అక్కర్లేదు. వరద ఎంతుంటే బోటు కదలకూడదో రేవులో ఒక బోర్డు మీద రాసి, ఆ రోజు దాన్ని ఆపే మనిషి ఉంటే చాలు.

[త్వరగా మారే ఫొటోలు]

రాజకీయ నాయకులూ దూకారు. అమెరికా మాజీ అధ్యక్షుడు పెద్ద బుష్ తన 75, 80, 85, 90 ఏళ్ళ పుట్టినరోజులకి దూకాడు. 1944లో యుద్ధంలో ఆయన విమానం కూలినప్పుడు ప్రాణం కోసం దూకాల్సొచ్చింది, తర్వాతివన్నీ కోరి దూకినవి. నాయకులు కాకపోయినా, మన దేశంలో స్కైడైవర్లు రేచల్ థామస్, శీతల్ మహాజన్ ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. శీతల్ 2018లో తొమ్మిది గజాల చీర కట్టుకుని థాయ్‌లాండ్‌లో దూకింది. చీర గాలికి లేవకుండా పిన్నులు, టేపులు ఎన్ని పెట్టుకుందో గానీ, మన అమ్మమ్మలకి ఈ ఆట మీద కాస్త గౌరవం పుట్టించాలంటే ఆ ఫొటో చాలు.

[షాట్: భీమవరం దగ్గర రొయ్యల చెరువు, తిరుగుతున్న ఏరేటర్లు]

ఇక చివరిగా, నిజంగా గాల్లో ఉన్నవాళ్ళ దగ్గరికి వద్దాం. రొయ్యల రైతు. ఎకరాలకి ఎకరాలు లీజు, పిల్ల, మేత, కరెంటు, అన్నీ అప్పు. వైట్ స్పాట్ రోగం వస్తే రోజుల్లో చెరువు ఖాళీ. ఇది తెలిసి తీసుకున్న రిస్కే, దానికి తగ్గ జాగ్రత్తలూ పడతాడు, రాత్రిళ్ళు గట్టు మీదే పడుకుంటాడు. కానీ 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ జాగ్రత్తలేవీ పనిచేయలేదు. మన రొయ్యకి పెద్ద మార్కెట్ అదే కదా. కౌంట్, అంటే రొయ్య సైజు బాగున్నా రేటు పడిపోయింది. డల్లాస్‌లో బావతో కలిసి దూకేవాళ్ళలో ఆ నిర్ణయానికి జై కొట్టినవాళ్ళూ ఉన్నారట. వాళ్ళ ఓటు వాళ్ళ ఇష్టం. బావ మాత్రం ఆ వారం విమానంలో నోరు విప్పి, తన పెదనాన్న చెరువు గురించి చెప్పానన్నాడు. విన్నారా అంటే, "ఒకడు విన్నాడు, మిగతావాళ్ళు ఎత్తు చూసుకుంటున్నారు" అన్నాడు.

[స్క్రీన్ మీద సూచనలు]

వీడియో చూసి దూకాలనిపిస్తే, హర్యానాలో నార్నౌల్ దగ్గర టాండెమ్ చేయిస్తున్నారు. డబ్బు కట్టే ముందు రిజర్వ్ ఎప్పుడు మడిచారో, మీతో దూకే శిక్షకుడికి ఏ రేటింగ్ ఉందో అడగండి. మీ ప్రమాద బీమా పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి, సాహస క్రీడలకి చాలావాటిలో డబ్బు రాదు.

కొబ్బరి తోటలున్నవాళ్ళకి ఇంకొక్క మాట. చెట్లెక్కేవాళ్ళ కోసం కొబ్బరి అభివృద్ధి బోర్డు "కేర సురక్ష" అని ప్రమాద బీమా నడుపుతోంది. ప్రీమియంలో ఎక్కువ భాగం బోర్డే కడుతుంది. మీ తోటలో దింపు తీసేవాళ్ళకి అది ఉందో లేదో ఈ దింపుకే కనుక్కోండి. లేకపోతే, వాళ్ళు కట్టాల్సిన ఆ కాస్తా మీరే కట్టి ఫారం నింపించండి.