ఆ పుస్తకాలకి అసలు దాత ఎవరు?

"నా చర్మం వలిచి చెప్పులు కుట్టించినా నీ రుణం తీరదు" అంటాం కదా. మా మేనత్త అయితే పక్కింటాయన గ్యాస్ సిలిండర్ మేడ మీదికి మోసిపెట్టినా ఇదే డైలాగ్ కొడుతుంది. వలిచేదీ లేదు, కుట్టేదీ లేదు, మాట వరసకి అంతే. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక డాక్టర్ మాత్రం నిజంగానే వలిచాడండీ. దాంతో పుస్తకాలకి అట్టలు వేయించుకున్నాడు!

అదే ఊళ్ళో మ్యూటర్ మ్యూజియం అని ఉంది, వైద్యం కోసం దాచిన మనిషి ఎముకలు, అవయవాలు చూపించే చోటు. దాని మీద ఓ గొడవ నడిచింది. 2023లో వాళ్ళ యూట్యూబ్ వీడియోలు వందల కొద్దీ మాయం. "మానవ అవశేషాలకి మర్యాద ఇవ్వాలి" అని వాళ్ళు, "మా మ్యూజియం మాక్కావాలి" అని అభిమానులు. వీడియోలు తీసేశారంటే నాకూ కడుపు మండుతుంది, అది వేరే సంగతి. నేను చెప్పేది ఆ బిల్డింగ్‌లోనే ఉన్న హిస్టారికల్ మెడికల్ లైబ్రరీ గురించి. 1788లో మొదలైన లైబ్రరీ అది. అందులో మనిషి చర్మంతో బైండ్ చేసిన పుస్తకాలు ఐదున్నాయి. పుకారు కాదు, అట్ట నుంచి చిన్న పొట్టు గీకి, అందులోని ప్రోటీన్ పరీక్షించి తేల్చారు. వేరే చోట్ల ఇలా "మనిషి చర్మం" అని చెప్పుకున్న కొన్ని పుస్తకాలు పరీక్షిస్తే గొర్రె తోలని తేలింది. ఇక్కడ అలా తేలలేదు.

ఆ ఐదులో మూడింటి అట్టల చర్మం ఒకే మనిషిది. మేరీ లించ్. ఐర్లాండ్ నుంచి వచ్చిన పేదరాలు, భర్త పోయాడు, వయసు 28. 1868లో టీబీతో ఫిలడెల్ఫియా ధర్మాసుపత్రిలో చేరింది. ఇంట్లోవాళ్ళు పాపం ప్రేమగా పంది మాంసం తెచ్చి పెట్టేవాళ్ళు. అందులో ట్రైకినెల్లా అనే, మాంసంతో పాటు ఒంట్లోకి చేరే పురుగులున్నాయని వాళ్ళకేం తెలుసు? 1869 జనవరిలో చనిపోయేనాటికి ఆవిడ బరువు 27 కిలోలు. అప్పుడు రంగంలోకి దిగాడు కుర్ర డాక్టర్ జాన్ స్టాక్టన్ హఫ్. శవపరీక్ష చేశాడు, పురుగులు కనిపెట్టాడు, వ్యాసం రాసుకున్నాడు. అంతటితో ఆగొచ్చుగా? ఆవిడ తొడల మీది చర్మం తీసి, ఆసుపత్రిలో రోగులకి పెట్టే మూత్రపు కుండలో నానబెట్టి పదును చేశాడు. 18 ఏళ్ళు దాచాడు! 1887లో మూడు పుస్తకాలకి వేయించాడు. ఏ పుస్తకాలో తెలుసా? స్త్రీల వైద్యం, గర్భం మీద రాసినవి. చీరకి మ్యాచింగ్ జాకెట్టు ఎంచినట్టు, ఆడమనిషి చర్మానికి మ్యాచింగ్ సబ్జెక్టు! అందులో ఒకటి ఫ్రాన్స్ రాణికి పురుడు పోసిన మంత్రసాని లూయిజ్ బూర్జ్వా రాసింది. బతికుంటే ఆ మహాతల్లి హఫ్‌ని చీపురు తిరగేసి కొట్టేది.

నన్నడిగితే ఇందులో వైద్యం ఆవగింజంత కూడా లేదు. ఇది పుస్తకాల పిచ్చి. పాత పుస్తకాలు పోగేసే పెద్దమనుషుల్లో "నా దగ్గరున్నది నీ దగ్గర లేదు" అని మీసం మెలేయడానికి చేసిన పని.

లైబ్రరీలోకి కొత్త పుస్తకం వస్తే ఏం రాస్తారు? "ఫలానా వారి బహూకరణ." హఫ్ పోగేసినవి లైబ్రరీకి చేరితే పేరు హఫ్‌ది. అయ్యా, ఆ మూడు పుస్తకాల్లో ఆయన సొంత సొమ్ము ఎంత? కాగితం కొన్నాడు. అట్ట ఎవరిది? దాత ఎవరు? అడగకుండా తీసుకున్నది దానం అవుతుందా అని మీరు అనొచ్చు, కరెక్టే. అయితే "దాత" కొట్టేసి "బాధితురాలు" అని రాయండి, కానీ పేరు మొదటి లైన్లో పెట్టండి.

హార్వర్డ్ వాళ్ళు 1934లో అలాంటి పుస్తకమే ఒకటి చేర్చుకున్నారు. మనిషి చర్మమని చెప్పకుండా దాన్ని తెమ్మని పంపి, పనిచేసే కుర్రాళ్ళని ఆటపట్టించేవాళ్ళట కూడా! 2024లో ఆ చర్మం ఊడదీశారు. అది ఏ స్త్రీదో పేరు తెలీదు. ఫిలడెల్ఫియా వాళ్ళకి ఆ సాకు కూడా లేదు. హఫ్ తన రాతల్లో "మేరీ ఎల్" అని సగం పేరు మింగేస్తే, ఆ లైబ్రరీలోనే పనిచేసిన లైబ్రేరియన్ పాత ఆసుపత్రి రికార్డులు తిరగేసి పూర్తి పేరు బయటికి తీసింది. నా లెక్కలో ఆ లైబ్రరీకి ఈ మధ్య వచ్చిన అసలైన కొత్త చేర్పు ఆ పేరే.

హఫ్ 1900లో పోయాడు. ఆయన చర్మంతో మాత్రం ఎవరూ పుస్తకం కుట్టించుకోలేదు లెండి.