టీ-స్కోర్ ఎవరితో పోల్చి ఇచ్చారు?

(కనిగిరిలో పొదుపు సంఘాల మహిళల ముందు ఒక ఎముకల డాక్టరు చేసిన ప్రసంగం)

అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

మొన్నామధ్య మర్రిపూడి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. యాభై ఎనిమిదేళ్లు. బట్టల షాపు కవర్లోంచి డెక్సా స్కాన్ రిపోర్టు, అంటే ఎముకల సాంద్రత కొలిచే పరీక్ష రిపోర్టు, తీసి బల్లమీద పెట్టింది. నడుము పూసల దగ్గర టీ-స్కోర్ ప్లస్‌లో ఉంది. “ఎముకలు ఉక్కులా ఉన్నాయన్నారు సార్. మరి వాకిట్లో జారిపడితేనే మణికట్టు ఎందుకు విరిగింది?” అంది. పక్కకు చూడమంటే మెడ తిరగలేదు, మనిషంతా తిరిగింది.

ఆవిడ ప్రశ్నకు జవాబు రిపోర్టులో లేదు. రిపోర్టు ఎలా తయారవుతుందో తెలిస్తే ఆ జవాబు దొరుకుతుంది.

మిషన్ కొలిచేది చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాముల ఖనిజం ఉందని మాత్రమే. ఆ అంకెను ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల సగటుతో పోలిస్తే వచ్చేది టీ-స్కోర్. మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందగానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. సరే, ఆ పడుచువాళ్లు ఎవరు? తుంటి విషయంలో ఎక్కువగా వాడేది అమెరికాలో 20 నుంచి 29 ఏళ్ల తెల్లజాతి ఆడవాళ్ల కొలతలు. తొడ ఎముక మెడ దగ్గర, అంటే తుంటికి ఆనుకున్న సన్నటి చోట, వాళ్ల సగటు 0.858, హెచ్చుతగ్గుల కొలత 0.120. మీది 0.550 వచ్చిందనుకోండి. తేడా 0.308, దాన్ని 0.120తో భాగిస్తే మైనస్ 2.57. గీత దాటారు, జబ్బు పేరు పడింది.

ఒంగోలు గిత్త పక్కన పుంగనూరు ఆవును నిలబెట్టి, ఇది గిడసబారిపోయిందంటే ఒప్పుకుంటామా? డెక్సా ఎముక నీడనే చూస్తుంది, దాని మందం చూడలేదు. అందుకే సన్నపాటి ఎముక గట్టిదైనా అంకె తక్కువ వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి మన యువతీ యువకులను కొలిచి 2010లో మన ప్రమాణాలు ప్రచురించింది. వాటితో పోలిస్తే అదే 0.550 గీతకు ఇవతలే ఆగిపోవచ్చు. అలాగని మన సగటు పెట్టుకుని నిశ్చింతగా ఉండమని నేననను. ఆ సగటులో తిండి లోపం, విటమిన్ డి లోపం కూడా కలిసి ఉంటాయి. లోపాన్నే కొలబద్ద చేసుకుంటే విరగబోయే ఎముక కూడా నార్మల్ అనిపిస్తుంది.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. నాకు ఎక్కువ బాధ దీని గురించే. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని మొదట వివరంగా రాసింది 1937లో, నెల్లూరు జిల్లా జనాన్ని చూసి. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోనివే. ఫ్లోరైడ్ చేరిన ఎముక, ముఖ్యంగా వెన్నుపూస, చిక్కబడుతుంది. చిక్కదనం పెరిగినా బలం పెరగదు. గుల్లబారిన ఎముకలకు మందుగా ఫ్లోరైడ్ ఇచ్చి అమెరికాలో పరీక్షించారు. 1990లో ఫలితాలొచ్చాయి. నాలుగేళ్లలో నడుము పూసల సాంద్రత 35 శాతం పెరిగింది. పూసలు విరగడం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు, మిగతా చోట్ల విరగడం ఎక్కువైంది.

మా మర్రిపూడి ఆవిడ ముప్పై ఏళ్లు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లే తాగింది. మెడ తిరగకపోవడం కూడా అందుకే. ఏ దేశం సగటుతో పోల్చినా ఆవిడ వెన్ను ప్లస్‌లోనే వస్తుంది. అందుకే నడుము అంకె పక్కన పెట్టి ముంజేతిని స్కాన్ చేయించాను. అక్కడ మైనస్‌లో ఉంది. విరిగిన మణికట్టు అంతకుముందే ఆ మాట చెప్పింది, వినేవాళ్లు లేకపోయారు.

రిపోర్టు తెచ్చేటప్పుడు కింద చిన్న అక్షరాల్లో రిఫరెన్స్ అని, అంటే ఎవరితో పోల్చారో చెబుతూ, ఉన్న లైను డాక్టరుకు చూపించండి. ఏ ఊరి నీళ్లు ఎన్నేళ్లు తాగారో, నిలబడ్డచోటే పడి ఏదైనా విరిగిందో, అడగకపోయినా చెప్పండి. మళ్లీ స్కాన్ తీయించాల్సి వస్తే అదే మిషన్ మీద తీయించుకోండి.