చిన్న అక్వేరియంకు ఏ చేపలు? నా తొట్టిలో ఇమిడినవీ, ఇమడనివీ

నమస్కారం. నా వెనుక కనిపిస్తున్న ఈ తొట్టి పొడవు 45 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 30. లెక్క ప్రకారం ఇందులో 40 లీటర్ల నీళ్లు పట్టాలి గానీ, అడుగున పరిచిన ఇసుకనూ పైన వదిలిన ఖాళీనీ తీసివేస్తే నిలిచేది 32 లీటర్లకు కాస్త అటూ ఇటూ మాత్రమే. చాలామంది పెట్టె మీద అచ్చు వేసిన అంకెను నమ్మి చేపలు కొంటారు కనుక ముందుగా ఈ సంగతి చెప్పాను. ఇంత కొద్ది నీటిలో నాలుగైదు రకాలను రెండేసి చొప్పున ఉంచడం కంటే, ఒక చిన్న రకాన్ని దానికి తగిన గుంపుగా ఉంచడమే మంచిదన్నది నా అభిప్రాయం.

మొదట బెట్టాను, అంటే ఫైటర్ చేపను చూద్దాం. దీనికి మొప్పలతో పాటు లాబిరింత్ అనే అవయవం కూడా ఉండడం వల్ల, నీటిపైకి వచ్చి గాలిని నేరుగా పీల్చుకోగలదు. చిన్న సీసాలలో పెట్టి అమ్మగలుగుతున్నది అందుకే. అయితే సీసాలో బతకడం వేరు, హాయిగా ఉండడం వేరు; దీనికి కనీసం 20 లీటర్ల నీళ్లు, 25 నుంచి 27 డిగ్రీల వెచ్చదనం కావాలి. నా బెట్టా మొదటి వారమంతా ఒక మూలనే నక్కి ఉండేది. ఫిల్టరు నుంచి వచ్చే ధార దాని పొడవాటి రెక్కలను తోసివేస్తున్నదని ఆలస్యంగా గ్రహించి, ఆ గొట్టం మూతికి స్పాంజి ముక్క కట్టాను; ఆ సాయంత్రానికే అది తొట్టి అంతా తిరగసాగింది. రెండు మగ బెట్టాలను మాత్రం ఎన్నడూ కలిపి ఉంచకూడదు. ఒక్క చేపతో తృప్తి పడగలిగినవారికి ఇది చక్కని ఎంపిక.

గప్పీలు గట్టి చేపలు, ఖనిజాలు ఎక్కువగా ఉన్న నీటిలో బాగా పెరుగుతాయి. చిక్కల్లా సంతానంతోనే. ఆడ గప్పీ ఇంచుమించు నెలకొకసారి పిల్లలను పెడుతుంది; పైగా మగ చేప బీజాన్ని నెలల తరబడి తనలో దాచుకోగలదు కనుక, ఒంటరిగా తెచ్చిన ఆడ చేప కూడా తొట్టిని నింపేస్తుంది. నేను మూడింటితో మొదలుపెట్టి, కొంతకాలానికి లెక్కపెట్టడమే మానుకున్నాను. చిన్న తొట్టిలో మగవాటిని మాత్రమే ఉంచండి.

నియాన్ టెట్రాల అందం గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. అర్ధరాత్రి దీపం వేసి చూసినప్పుడు ఆ నీలిగీత వెలిసిపోయి కనిపించగా, జబ్బు చేసిందేమోనని ఒకసారి కంగారు పడ్డాను. చీకట్లో వాటి రంగు తగ్గడం సహజమేనట, తెల్లవారాక మళ్లీ మెరిశాయి. అయినా ఈ తొట్టికి వీటిని సిఫారసు చేయను. అడ్డంగా దూరం ఈదే చేపలు కనుక వీటికి 60 సెంటీమీటర్ల పొడవైనా ఉండాలి, కొత్త తొట్టి నీటిని ఇవి ఏమాత్రం ఓర్చుకోలేవు.

కొత్త నీటి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దానిని నైట్రైట్‌గానూ, మరొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మారుస్తుంది. మొదటి రెండూ చేపలకు విషాలు, మూడవది అంత ప్రమాదకరం కాదు. ఈ బ్యాక్టీరియా ఫిల్టరులో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి కదా అని మొదటి రోజే చేపలను వదిలితే, కంటికి కనిపించని అమ్మోనియా వాటిని బలి తీసుకుంటుంది. నీళ్లు తక్కువైన కొద్దీ ఆ విషం చిక్కబడడం కూడా త్వరగా జరుగుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపేదాకా ఆగండి.

ఈ తొట్టికి నేను ఎంచుకున్నవి ఎంబర్ టెట్రాలు. పెరిగాక కూడా రెండు సెంటీమీటర్లు దాటవు, కనుక పదింటిని ఉంచినా ఇరుకు కనిపించదు. ముదురు ఇసుక మీద, పచ్చని మొక్కల మధ్య వాటి నిప్పురవ్వ రంగు మరింత తేలుతుంది. ఇవి కుదురుకున్న నెలకు అడుగున ఆరు పిగ్మీ కోరిడోరస్ చేపలను చేర్చాను. వాటి మీసాలు సున్నితమైనవి కావడంతో పదునైన గులకరాళ్లకు బదులు మెత్తని ఇసుక పరిచాను.

గోల్డ్ ఫిష్ పెద్దదిగా పెరిగే చల్లని నీటి చేప, దీనికి ఈ తొట్టి చాలదు. ఏంజెల్ ఫిష్ పెరిగితే చిన్న టెట్రాలను మింగేస్తుంది. అద్దం శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ చేప 30 సెంటీమీటర్లు దాటుతుంది. దానికి ఈ తొట్టిలో వెనక్కి తిరగడానికే చోటుండదు.