పంటి నొప్పి: మాత్రకు ముందు పరీక్ష

విశాఖ పురజనులకు నమస్కారం.

పంటి నొప్పితో వచ్చినవారిని నేను మొదట అడిగేది నొప్పి ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది అని. చల్లటి నీళ్లు తాగగానే జివ్వుమని, గ్లాసు దించేసరికి తగ్గిపోతే, పంటి లోపలి గుజ్జు (నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం) ఇంకా కోలుకోగలదని అర్థం. పుచ్చు తొలగించి సిమెంటు నింపితే చాలావరకు సరిపోతుంది. అలా కాక, కాఫీ తాగాక అర నిమిషం దాటినా పోటు సలుపుతూనే ఉన్నా, రాత్రి పడుకోగానే దానంతట అదే మొదలై నిద్ర చెడగొడుతున్నా, గుజ్జుకు వచ్చిన వాపు ఇక తగ్గేది కాదు. గట్టి గోడల మధ్య ఇరుక్కున్న గుజ్జుకు ఉబ్బడానికి చోటుండదు కనుకనే బాధ అంత తీవ్రంగా ఉంటుంది. అప్పుడు సాధారణంగా రూట్ కెనాల్, అంటే ఆ గుజ్జును తీసేసి లోపల శుభ్రం చేసి మూసే చికిత్స, చేయవలసి వస్తుంది. పన్ను నిలిచేలా లేకపోతే తీసివేయాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. కింది పన్ను పుచ్చితే పై దవడలోనో చెవిలోనో పోటు రావచ్చు. అందుకే అనుమానమున్న పంటికీ, పక్క పళ్లకూ చల్లదనం తగిలించి పోల్చుతాం; పరికరం పిడితో మెల్లగా తట్టి, ఎక్స్‌రే తీస్తాం. చల్లదనం అసలు తెలియక, తట్టితే మాత్రం నొప్పి పుడితే, గుజ్జు చనిపోయి ఇన్ఫెక్షన్ వేరు కొసకు చేరి ఉండవచ్చు. కొరికి వదిలినప్పుడు కలుక్కుమంటే పన్ను పగిలిందేమో చూస్తాం. జలుబు తరువాత పై దంతాలు వరుసగా నొప్పెడితే సైనస్‌ను అనుమానిస్తాం. సింహాచలం మెట్లెక్కుతుంటే దవడ లాగి, ఆగగానే ఆ నొప్పి తగ్గేవారు మాత్రం, అది గుండె నుంచి వచ్చేది కావచ్చు కనుక, ముందుగా గుండె వైద్యుడిని కలవాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్. గుజ్జు వాపు నొప్పిని అది తగ్గించదు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఆరోగ్యవంతులైన పెద్దలకు ఇలాంటి నొప్పిలో యాంటీబయాటిక్ వద్దని, పంటికే చికిత్స చేయాలని, నొప్పికి ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ వంటివి వాడాలని చెబుతున్నాయి. అయితే కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుడిని అడగకుండా ఐబుప్రోఫెన్ వేసుకోకూడదు. ఆస్పిరిన్ బిళ్లను చిగురు మీద పెట్టుకుంటే అక్కడి చర్మం కాలి తెల్లబడుతుంది. నొప్పి అలాగే ఉంటుంది. మన తీరంలో అడ్డపొగ అలవాటున్న తల్లులు పంటి నొప్పితో వస్తే నేను అంగిలి కూడా తప్పక చూస్తాను, ఎందుకంటే నిప్పుకొస నోట్లో పెట్టి కాల్చే చుట్ట అక్కడ క్యాన్సర్‌కు దారితీస్తుంది.

దవడ కింద వాపు గట్టిపడి, జ్వరం వచ్చి, నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే అది ప్రాణాపాయం. అటువంటప్పుడు క్లినిక్ తెరిచేదాకా ఆగక, అర్ధరాత్రి అయినా సరే, కేజీహెచ్ వంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.