ఉచిత గోలీలకు అయ్యే ఖర్చు

శ్రోతలందరికీ నమస్కారం.

రోగాల గురించి చెప్పడానికి డాక్టర్లు ఉన్నారు. పథకాల గురించి చెప్పడానికి ఆఫీసర్లు ఉన్నారు. నాకిచ్చిన ఈ కొద్ది నిమిషాల్లో నేను డబ్బు గురించి మాట్లాడతాను. కూలి చేసుకునే మనిషి జేబులోంచి దవాఖాన పేరు మీద పోయే డబ్బు గురించి.

వైద్యానికి బీమా అనగానే మన దగ్గర ఎవరైనా ఆరోగ్యశ్రీ పేరే చెబుతారు. చెప్పాల్సిందే. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. అదే ఏడాది డిసెంబర్‌లో నల్లగొండకూ వచ్చింది. మొదట్లో కుటుంబానికి ఏడాదికి 2 లక్షలు, 2023 డిసెంబర్ 9 నుంచి 10 లక్షలు. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముడే అనుకున్న రోజులు చూసినవాళ్లకు దాని విలువ నేను చెప్పక్కర్లేదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడడానికి నేను రాలేదు.

కానీ ఆరోగ్యశ్రీ ముఖ్యంగా దవాఖానలో చేరినవాళ్ల కోసం. చేరకుండా, పనికి పోతూ, బీపీతోనో షుగర్‌తోనో బతుకు ఈడ్చేవాళ్ల సంగతేమిటి? ప్రైవేటు డాక్టర్ ఫీజు, నెలనెలా గోలీలు, బస్సు చార్జీ, ఆ రోజు పోయిన కూలి. ఇవి ఆరోగ్యశ్రీ కార్డు మీద రావు. ఒక్కొక్కటి చూస్తే చిన్నదే. మిత్తికి అప్పు తెచ్చేది మాత్రం చాలాసార్లు ఈ చిన్నవాటికే.

దేవరకొండలో ఒక మందుల షాపు ముందు నేను చూసింది చెబుతాను. కంట్లో వేసుకునే చుక్కల మందు కోసం నిలబడ్డాను. నా ముందు ఒక భార్యాభర్తా ఉన్నారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. కాలివేళ్ల సందుల్లో సిమెంటు మరక, ఎంత కడిగినా పోనిది. షాపులో కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. చీటీ చూసి, ఐదు రకాల మందులు అద్దం మీద వరుసగా పెట్టాడు. బీపీది, షుగర్‌ది, గ్యాస్‌ది, ఒళ్లు నొప్పులది, బలానికి రాసిన క్యాప్సూల్స్. నెలకు సరిపడా అయితే పద్నాలుగు వందల దాకా అవుతుందన్నాడు.

ఆయన అడిగాడు: "తమ్మీ, ఇండ్ల అసలైనవి ఏవి? గవి ఇయ్యి."

"డాక్టర్ సార్ అన్నీ రాసిండు గదా పెద్దాయనా?"

"రాసిండు. నా తాన ఐదు వందలే ఉన్నయి."

డాక్టర్ గదిలో జరగాల్సిన మాట, చూడండి, మందుల షాపు అద్దం దగ్గర జరుగుతోంది. ఐదు మందుల్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అనేది ఇరవై ఏళ్ల కుర్రాడు తేల్చాలి. పాపం, వాడేం చేస్తాడు? కత్తెర తీశాడు.

అప్పుడు ఆమె అంది: "నొప్పుల గోలి మాత్రం ఇడ్వకు తమ్మీ. రేపు కూలీల అడ్డా మీదికి పోవాలె."

నొప్పుల షీటు మొత్తం తీసుకున్నారు. గ్యాస్‌ది తీసుకున్నారు. బలం క్యాప్సూల్స్ సగం. షుగర్‌వి పది. ఇక బీపీ గోలీల షీటును ఆయనే వేలితో వెనక్కి నెట్టాడు. "బీపీ నాకేం ఎరుకైతలేదు. తల నొస్తలేదు, కండ్లు తిరుగుతలేవు" అన్నాడు.

ఆ అద్దం మీద ఉన్నవాటిలో అన్నిటికంటే తక్కువ ధర దానిదే. నెలకు వంద రూపాయలు కూడా కాదు. ఎక్కువ డబ్బు గుంజింది బలం క్యాప్సూల్సు. ఇంకో సంగతి: ఒళ్లు నొప్పులకు వాడే గోలీలు చాలావరకు బీపీని పెంచుతాయి, రోజూ మింగితే కిడ్నీలకూ చేటే. అంటే బీపీని దించేది వదిలేసి, పెంచేది కొనుక్కున్నాడు. తెలివి లేక కాదు. నొప్పి రేపటి కూలిని ఆపుతుంది, బీపీ ఆపదు. ఆయన లెక్క ఆయనకుంది. కుర్రాడు షుగర్ షీటు కత్తిరిస్తే మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే మిగిలిపోయింది. ఆయన జేబులోకి పోయింది పేరులేని పది గోలీలు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. బీపీ, షుగర్ గోలీలు సర్కార్ దవాఖానలో ఉచితమే కదా, మీ ఊళ్లో ఇవ్వరా అని అడిగాను. ఆమె నవ్వింది.

"ఇస్తరు మేడం. నర్సమ్మ మంచిదే, నెలకు సరిపోను ఇస్తది. గని అవి ఉత్తగ గాదు. వెయ్యి రూపాయలు."

నాకు మొదట అర్థం కాలేదు. ఆమె లెక్క చెప్పింది. వాళ్లది చందంపేట దిక్కు పల్లె. పని హైదరాబాద్‌లో, ఎల్బీనగర్ అడ్డా మీద. గోలీలు అయిపోతే ఆయన ఊరికి రావాలి. ఆ రోజు కూలి ఎనిమిది వందలు పోతుంది. రానుపోను చార్జీ రెండు వందల పైచిలుకు. ఆమెనే పంపిద్దామంటే ఆడవాళ్లకు బస్సు ఉచితం, టికెట్ డబ్బు మిగులుతుంది, కానీ ఆమె కూలి పోతుంది. అందుకని గోలీలు అయిపోయినా ఊరికి వచ్చే పని పడేదాకా ఆగుతారు. ఈసారి చుట్టాల దినాలకు వచ్చారు. వచ్చింది ఆదివారం, నర్సమ్మ ఉండే సబ్‌సెంటర్ మూసి ఉంది. కాళ్లు వాచాయని ప్రైవేటు డాక్టర్ దగ్గరికి పోతే ఫీజే నాలుగు వందలు.

ఉచిత గోలీలకు వెయ్యి రూపాయలు. ఈ లెక్క ఏ పథకం కాగితంలోనూ కనబడదు.

అదే మనిషికి రేపు పక్షవాతం వస్తే, కిడ్నీలు పాడై డయాలసిస్ దాకా పోతే, ఆరోగ్యశ్రీ ఉంది. డయాలసిస్ కార్డు మీదే చేస్తారు, మంచిదే. కానీ అంత దూరం పోకుండా ఆపే గోలి వంద రూపాయలది. ఆ వంద రూపాయల గోలి పనిచేసే చోట, పని దిగే వేళకు అందాలి. నా ఉద్దేశంలో సర్కారు ముందు చూడాల్సింది ఇదే. దవాఖాన పొద్దున తెరిచి సాయంత్రానికి మూసేస్తే, పొద్దున పోయి చీకటి పడ్డాక తిరిగొచ్చే మనిషికి అది ఉన్నట్టా, లేనట్టా?

మామూలు జ్వరానికి, నెలనెలా గోలీలకు కూడా పనికొచ్చే బీమా ఒకటి ఉంది, ఈఎస్ఐ. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట, 21 వేల లోపు జీతగాళ్లకు అది హక్కు. జీతంలోంచి పోయేది నూటికి ముప్పావలా. 12 వేల జీతానికి 90 రూపాయలు. యజమాని వాటా నూటికి మూడుంపావు. బట్టల షోరూంలో, సూపర్ మార్కెట్‌లో, పెట్రోల్ బంకులో చేసేవాళ్లు మీ ఈఎస్ఐ నంబర్ ఏదని ఒకసారి అడిగి చూడండి. కానీ అడ్డా మీద నిలబడేవాడికి రోజుకో యజమాని. మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీకి బస్తా లెక్కన కూలి. గద్వాలలో, పోచంపల్లిలో నేతగాడికి మగ్గం ఇంట్లోనే, చీర మాత్రం ఇంకొకరిది. వీళ్ల తరఫున ఆ మూడుంపావు ఎవరు కట్టాలి? దీని మీద ఇంకోసారి మాట్లాడుకోవాలి, ఇప్పుడు టైం లేదు.

మిగిలిన రెండు నిమిషాల్లో ఒక్క పని చెబుతాను. ఒక్కటే.

జేబులో ఎంత ఉందో డాక్టర్ ముందే చెప్పండి. మందుల షాపులో కాదు, డాక్టర్ గదిలో. "సార్, నా దగ్గర ఐదు వందలే ఉన్నాయి. వీటిలో ఆపకూడనిది ఏది, ఆపినా ఫరవాలేనిది ఏది?" ఈ మాట అడగడానికి మనకు సిగ్గు. డబ్బుల్లేవని డాక్టర్‌తో అంటే చిన్నచూపు చూస్తారేమోనని. షాపు కుర్రాడి ముందు లేని సిగ్గు అక్కడెందుకు? నాకు తెలిసిన డాక్టర్లు చాలామంది, అడిగితే చీటీలో బలం మందులు కొట్టేసేవాళ్లే. ఆపకూడని మందు పక్కన గీత పెట్టమనండి, చదువు రాకపోయినా గుర్తుంటుంది. కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరు రాయమనండి, సర్కారు పథకం కింద నడిచే జన ఔషధి షాపులో అదే మందు చాలా తక్కువకు దొరుకుతుంది.

వలస పోయేవాళ్లయితే, పోయేముందు నర్సమ్మకు ఆ సంగతి చెప్పి రెండు నెలల గోలీలు ఇవ్వగలదేమో అడగండి. హైదరాబాద్‌లో ఉంటే అక్కడి సర్కారు బస్తీ దవాఖానలో అడగవచ్చు, సొంత ఊరికే రావాలని లేదు. బీపీ చూసి రాసిన పాత చీటీ మాత్రం మీ వెంట ఉండాలి, దాన్ని ఊళ్లో పెట్టెలో పెట్టి రాకండి.

ఇక సెలవు. నమస్కారం.